ఆలస్యంగా వచ్చిన నీలం రంగు



సంక్రాంతి సెలవులకు మీలో చాలామంది గోదావరి జిల్లాల వైపు బయల్దేరతారు. ఈ నెలలో భీమవరం పేరు చెబితే ముందు గుర్తొచ్చేది కోడిపందేలే. ఈసారి ఆ దారిన వెళ్తే, కారులో వెనక సీట్లో కూర్చున్న పిల్లలకు ఆ ఊళ్లో పుట్టిన ఒకాయన గురించి కూడా చెప్పండి. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. పుట్టింది 1895 జనవరి 12న. పాఠ్యపుస్తకంలో ఒక పేరాగానో, పోటీ పరీక్షలో ఒక బిట్టుగానో ఈ పేరు మీకు తగిలే ఉంటుంది. పేరు, పుట్టిన ఊరు, కనిపెట్టిన మందులు, అంతే. ఆయన పనిలోని అసలు రుచి ఆ బిట్టులో పట్టదు. అది ఒక సీసాలో కాస్త ఆలస్యంగా వచ్చిన నీలం రంగు దగ్గర ఉంది.

విశాఖలో ఉన్నవాళ్లకు ఈ సంగతి చెప్పడం తేలిక. మీలో కొందరు పరవాడ ఫార్మా సిటీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లో పనిచేస్తూ ఉండవచ్చు. అక్కడ రోజంతా నడిచే యంత్రం హెచ్.పి.ఎల్.సి. పూర్తి పేరు హై పెర్ఫార్మెన్స్ లిక్విడ్ క్రొమటోగ్రఫీ. ఒక సన్నని ఉక్కు గొట్టంలో మెత్తని పొడి దట్టించి ఉంటుంది. దాన్ని కాలమ్ అంటారు. అందులోంచి ఒక ద్రవాన్ని గట్టి ఒత్తిడితో పంపుతూ, మనం పరీక్షించాల్సిన నమూనాను రెండు చుక్కలు ఆ ప్రవాహంలో వదులుతారు. నమూనాలో పది రకాల పదార్థాలు కలిసి ఉన్నాయనుకోండి. ఒకటి పొడిని అంటుకుని మెల్లగా కదులుతుంది, ఒకటి పట్టించుకోకుండా ముందుకు పోతుంది. గొట్టం అవతలి కొసకు ఒక్కొక్కటి ఒక్కో సమయానికి చేరుతుంది. తెర మీద ఒక్కోదానికి ఒక్కో శిఖరం లేస్తుంది. ఏ నిమిషానికి లేచిందో చూస్తే అది ఏ పదార్థమో, ఎంత ఎత్తు లేచిందో చూస్తే అది ఎంత ఉందో తెలుస్తుంది. పక్కన తెలిసిన కొలత ఉన్న నమూనాను కూడా నడిపి పోల్చుకుంటారు.

మాత్రలో మందు సరిపడా ఉందా అని చూసే ఈ యంత్రంతోనే ఫార్మకాలజీ ల్యాబుల్లో ఎలుక మెదడులో డోపమిన్, సెరటోనిన్ వంటి రసాయనాలను కొలుస్తారు. ఒక నాడీకణం పక్క కణానికి కబురు పంపేది వీటితోనే. పార్కిన్సన్స్ జబ్బులో మెదడులో తగ్గిపోయేది డోపమినే. కొత్త మందు ఒకటి ఆ లోటును పూడుస్తుందా లేదా అని తెలుసుకోవాలంటే, ముందు ఆ లోటు ఎంతో కొలవడం రావాలి. నీతి సంఘం అనుమతితో, వీలైనంత తక్కువ జంతువులతో ఈ పని చేస్తారు. మెదడులో కావలసిన భాగాన్ని మంచు మీద వేరుచేసి, తూకం వేసి, చల్లని పెర్‌క్లోరిక్ ఆమ్లంలో నలిపి, ప్రోటీన్లను అడుగుకు దించేసి, పైన తేరిన నీటిని వడకట్టి కాలమ్‌లోకి పంపుతారు.

చిక్కంతా యంత్రంలో ఉండదు. యంత్రం దగ్గరకు వచ్చే లోపల ఉంటుంది. ప్రాణం పోయిన క్షణం నుంచే కణంలోని ఎంజైములు ఈ రసాయనాలను విరగ్గొట్టడం మొదలుపెడతాయి. గాలి తగిలితే కొన్ని మరో పదార్థంగా మారిపోతాయి. అందుకే మంచు, అందుకే ఆమ్లం, అందుకే ఆ హడావుడి. ఆలస్యం చేస్తే తెర మీద శిఖరం చక్కగానే లేస్తుంది, కానీ అది బతికున్న మెదడులో ఉన్నదాని లెక్క కాదు, మన చేతికి మిగిలినదాని లెక్క. కొలుస్తూ ఉండగానే మారిపోయే వస్తువును కొలవడం ఎలా? ఇటువంటి యంత్రాలేవీ లేని రోజుల్లో, దాదాపు వందేళ్ల కిందట, జంతువు కండరం విషయంలో సరిగ్గా ఇదే ప్రశ్నకు ఎదురునిలిచినవారు సుబ్బారావు.

ఆయన తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవారు. తండ్రి జబ్బుపడి ఉద్యోగం మానుకోవలసి వచ్చింది, ఇల్లు గడవడం కష్టమైంది. పదమూడేళ్ల వయసులో కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిస్తానని ఇంట్లోంచి పారిపోయాడీ అబ్బాయి. వెనక్కి తీసుకొచ్చారు. తల్లి చదువు విషయంలో మాత్రం పట్టు వదల్లేదు.

రాజమండ్రిలో చదువుతూ మెట్రిక్యులేషన్ తప్పారు. మళ్లీ తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి రాసి గట్టెక్కారు. డిసెంబరు పరీక్షల ప్రోగ్రెస్ కార్డులు మీ చేతికి వచ్చిన రోజుల్లో ఈ మాట చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి. మార్కులు రాకపోయినా ఫర్వాలేదని చెప్పడానికి ఈ కథను వాడేస్తుంటారు. నాకు అది సబబుగా అనిపించదు. ఆ అబ్బాయి తప్పింది ఇంట్లో జబ్బులు, చావులు, డబ్బు ఇబ్బంది కమ్ముకున్న కాలంలో. ఆ రెండు ఫలితాలు ఆ సమయానికి నిజమే. కాకపోతే అవి అతని బుర్రను కొలిచాయో, ఇంటి పరిస్థితిని కొలిచాయో ఎవరూ విడదీసి చూడలేదు.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియెట్ అయ్యాక ఆయన మనసు సన్యాసం మీదకు పోయింది. రామకృష్ణ మిషన్‌లో చేరతానన్నారు. తల్లి ఒప్పుకోలేదు. తల్లి అనుమతి లేనిదే మిషన్ వారూ చేర్చుకోలేదు. సేవే చేయాలనుకుంటే వైద్యం చదవమని దారి చూపారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో అడుగుపెట్టారు. స్నేహితులు కొంత, కాబోయే మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కొంత సర్దారు. 1919లో ఆ ఇంటి అమ్మాయి శేషగిరితో పెళ్లయింది.

అది గాంధీగారి పిలుపు ఊరూరా వినిపిస్తున్న కాలం. సుబ్బారావు ఆపరేషన్ గదిలోకి ఖద్దరు గౌను వేసుకుని వెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది గిట్టలేదు. రాతపరీక్షలు బాగానే రాసినా చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ పట్టా కాదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ప్రభుత్వ వైద్యసేవలో చేరే దారి దానితో మూసుకుపోయింది. మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పుకుంటూ కొంతకాలం గడిపారు.

ఈలోగా ఇంట్లో మరో దెబ్బ. కొద్ది రోజుల తేడాతో అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. పేగులు ఆహారాన్ని పీల్చుకోవడం మానేసి, రక్తం తరిగి, మనిషి నీరుగారిపోయే జబ్బు అది. సుబ్బారావుకు కూడా వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో ఆయన బతికారు. ఎందుకొస్తుందో, దేనితో తగ్గుతుందో ఆనాటి వైద్యానికి సరిగా తెలియదు.

1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. మామగారి సొమ్ము, కాకినాడ సత్యలింగం నాయకర్ ధర్మనిధి వారి సాయం మీద ప్రయాణం జరిగింది. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చేస్తూ, పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రాత్రి పనికి కుదిరారు. రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి కడిగే పని. మద్రాసులో రోగులకు చికిత్స చేసే అర్హత ఉన్న మనిషి.

డిప్లొమా అయ్యాక బయోకెమిస్ట్రీ విభాగంలో చేరారు. దాని అధిపతి ఒట్టో ఫోలిన్. రక్తంలో ఏ పదార్థం ఎంత ఉందో రంగు తెప్పించి కొలిచే పద్ధతులకు ఆయన పెట్టింది పేరు. అక్కడే సైరస్ ఫిస్కే అనే అధ్యాపకుడి దగ్గర సుబ్బారావు పనికి కుదిరారు. అప్పగించిన పని వినడానికి చప్పగా ఉంటుంది. రక్తంలో, మూత్రంలో, కండరంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో తక్కువ నమూనాతో, త్వరగా, నమ్మకంగా కొలిచే పద్ధతి కావాలి.

వాళ్లు తయారుచేసిన పద్ధతి ఇది. నమూనాలోని ఫాస్ఫేటుకు ఆమ్లంలో మాలిబ్డేట్ కలుపుతారు. రెండూ జతకడతాయి. దానికి మరో రసాయనం చేర్చితే ఆ జంట నీలంగా మారుతుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. తెలిసిన ఫాస్ఫేటుతో చేసిన నీలాన్ని పక్కన పెట్టి పోల్చి చూస్తే లెక్క వచ్చేస్తుంది. 1925లో అచ్చయిన ఈ పద్ధతి ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా స్థిరపడింది. ప్రపంచంలో పరిశోధకులు అత్యధికంగా ఉదహరించిన పత్రాల్లో ఇది ఒకటి. స్టీల్ ప్లాంటులో పనిచేసే తల్లిదండ్రులకు ఈ నీలం కొత్తేమీ కాకపోవచ్చు. ఉక్కులో ఫాస్ఫరస్ కాస్త ఎక్కువైతే పెళుసుబారుతుంది కదా. స్పెక్ట్రోమీటర్లు రాకముందు ఉక్కు ల్యాబుల్లోనూ మాలిబ్డేట్‌తో రంగు తెప్పించే ఫాస్ఫరస్‌ను కొలిచేవారు.

ఇప్పుడు ఆ సీసా దగ్గరకు వద్దాం. మామూలు ఫాస్ఫేటు ద్రావణంలో నీలం కొద్ది నిమిషాల్లో వచ్చి నిలిచిపోతుంది. రక్తంతో చేసినా అంతే. పిల్లి కండరం నుంచి తీసిన రసంతో చేస్తే మాత్రం అలా జరగలేదు. మొదట పలచగా వచ్చింది. కాసేపటికి ఇంకొంచెం ముదిరింది. ఇంకా ముదిరింది. ఏ నిమిషంలో చూస్తే ఆ నిమిషానికి ఒక లెక్క.

మీరు ఆ ల్యాబులో ఉంటే ఏం చేసేవారు? పద్ధతిలో లోపమని, కండరంలో ఏదో మలినం రంగుకు అడ్డుపడుతోందని అనుకోవడమే సులువు. ఒక సమయం నిర్ణయించుకుని, అప్పుడు వచ్చిన అంకె రాసుకుని ముందుకు పోవచ్చు. తప్పు చేశారని ఎవరూ అనరు. సుబ్బారావు, ఫిస్కే అక్కడ ఆగారు. రంగు ఆలస్యం కావడంలోనే సమాచారం ఉందని పట్టుకున్నారు. నిమిషనిమిషానికి రంగును కొలిచి, దాన్ని వెనక్కి లెక్కకట్టారు. అంటే, మాలిబ్డేట్ వేసిన క్షణానికి కండరంలో విడిగా ఉన్న ఫాస్ఫేటు చాలా తక్కువ. మిగతాదంతా ఇంకో పదార్థంతో ముడిపడి ఉంది. ఆ ముడి ఎంత బలహీనమంటే, కొలవడానికి వేసిన ఆమ్లానికే ఊడిపోతోంది. ఊడిన కొద్దీ నీలం ముదురుతోంది. వాళ్లకు ముందు కండరాన్ని కొలిచినవారందరూ ఈ ఊడిపోయినదాన్ని కూడా విడి ఫాస్ఫేటు కింద జమకట్టేశారు.

ఆ పదార్థం ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. అదే కాలంలో బ్రిటన్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా ఇలాంటి పదార్థం జాడే పట్టుకున్నారు. అయితే దాన్ని విడదీసి, అందులో ఉన్నది క్రియాటిన్ అని తేల్చినది హార్వర్డ్ జంటే. కండరం పనిచేస్తే ఇది తగ్గుతుందని, విశ్రాంతి దొరికితే మళ్లీ నిండుతుందని కూడా చూపించారు. జిమ్‌కు వెళ్లే మీ పెద్దబ్బాయి డబ్బాలో తెచ్చుకునే క్రియాటిన్ పొడి ఆరా ఇక్కడి నుంచి మొదలవుతుంది.

దీనివల్ల కదిలింది చిన్న సిద్ధాంతం కాదు. కండరం కదలికకు మూలం లాక్టిక్ ఆమ్లమేనన్నది ఆనాటి నమ్మకం. ఆ దారిలో చేసిన పరిశోధనలకు హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి వచ్చింది. ఫాస్ఫోక్రియాటిన్ వెలుగుచూశాక, 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం తయారుకాకుండా ఆపినా కండరం కదులుతుందని నిరూపించాక ఆ సిద్ధాంతం నిలవలేదు. ఈలోగా 1929లో ఫిస్కే, సుబ్బారావు కండరంలో ఏటీపీని కూడా వేరుచేశారు. ప్రతి జీవకణం శక్తి కోసం ఖర్చుపెట్టే నాణెం అది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుగొన్నారు. పుస్తకాల్లో ఎక్కువగా కనబడేది లోమన్ పేరే.

ఇక్కడ మొదట చెప్పిన మెదడు మళ్లీ వస్తుంది. శరీరం బరువులో మెదడు వాటా సుమారు 2 శాతమే అయినా, శక్తిలో దాదాపు 20 శాతం అదే ఖర్చుపెడుతుంది. ఆ ఖర్చంతా ఏటీపీ రూపంలోనే. 1972లో జెఫ్రీ బర్న్‌స్టాక్ మరో మాట చెప్పారు. ఏటీపీ ఇంధనం మాత్రమే కాదు, నాడీకణాలు కబురు పంపుకోవడానికి వాడే రసాయనాల్లో అదీ ఒకటని. చాలా ఏళ్లు ఎవరూ నమ్మలేదు, తరువాత అందరూ ఒప్పుకున్నారు. అలా భీమవరం మనిషి కండరంలో పట్టుకున్న పదార్థం ఇప్పుడు డోపమిన్, సెరటోనిన్‌ల పక్కన న్యూరోట్రాన్స్‌మిటర్ల పట్టికలో ఉంది. మెదడులో దాన్ని కొలవడం మహా కష్టం. రక్తప్రసారం ఆగితే ఒకటి రెండు నిమిషాల్లోనే మెదడులోని ఏటీపీ, ఫాస్ఫోక్రియాటిన్ హరించుకుపోతాయి. అందుకే కణజాలాన్ని ద్రవ నైట్రోజన్‌లో ఉన్నపళంగా గడ్డకట్టించి, ఆ తరువాతే కాలమ్‌కు పంపుతారు.

హార్వర్డ్‌లో సుబ్బారావుకు 1930లో పీహెచ్‌డీ వచ్చింది. శాశ్వత ఉద్యోగం మాత్రం రాలేదు. పదేళ్లు చూశారు. వేరుచేసిన ఇంకొన్ని పదార్థాల వివరాలను ఫిస్కే బయటకు రానివ్వలేదని, వాటిని తరువాత ఇతరులు మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందని అదే విభాగంలో చదువుకున్న జార్జ్ హిచింగ్స్ తరువాతి కాలంలో చెప్పారు. హిచింగ్స్ 1988లో నోబెల్ అందుకున్నవారు, తేలికగా మాట విసిరే మనిషి కారు. సుబ్బారావు స్వభావం కూడా దీనికి తోడైందని నాకనిపిస్తుంది. తన పని గురించి తాను గట్టిగా చెప్పుకోవడం ఆయనకు అలవాటు లేదు.

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌కు, లెడర్లీ ల్యాబొరేటరీస్‌కు వెళ్లిపోయారు. రెండేళ్లలో పరిశోధన డైరెక్టరయ్యారు. ఆ తరువాతి ఏళ్లూ మీకు బిట్లుగా తెలిసినవే. ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. గర్భిణులకు డాక్టరు రాసే మాత్ర అదే. అన్నదమ్ములను పొట్టనబెట్టుకున్న స్ప్రూకు మందు కూడా అదే అయింది. 1947లో హెట్రజాన్ వచ్చింది. దాని రసాయన నామాన్ని కుదించి డీఈసీ అంటారు. శ్రీకాకుళం నుంచి విశాఖ వరకు మన జిల్లాల్లో బోదకాలు ఎంతమందిని కుంగదీసిందో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఆరోగ్య కార్యకర్తలు గుమ్మం దగ్గరకొచ్చి, ఎదురుగా నిలబడి మింగించిన మాత్ర ఆ డీఈసీయే. ఆయన ప్రోత్సాహంతో లెడర్లీలో బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను కనుగొన్నారు. 1948 జూన్‌లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఒక పత్రం ప్రచురించారు. రక్తక్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు లెడర్లీ పంపిన అమినోప్టెరిన్ ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అప్పటివరకు ఆ జబ్బుకు మందన్నదే లేదు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను నేటికీ క్యాన్సర్‌కూ, కీళ్లవాతానికీ వాడుతున్నారు.

ఆ పత్రం వచ్చిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, న్యూయార్క్‌లో నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు పోయారు. వయసు 53. దేశం విడిచాక ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. బిడ్డ ముఖం ఆయన చూడలేదు. శేషగిరి గారు ఆయనను మళ్లీ చూడలేదు. త్వరలో వస్తానన్న మాట మీద ఇరవై ఆరేళ్లు గడిచిపోయాయి. ఆయన జీవితం గురించి రాసేవాళ్లు ఈ సంగతిని ఒక వాక్యంలో దాటేస్తారు. ఆ మందుల లెక్కలో ఇది కూడా ఖర్చు కింద రాయాల్సిందే, అదీ ఆమె ఖాతాలో.

భారత తపాలా శాఖ 1995లో ఆయన శతజయంతికి బిళ్ల విడుదల చేసింది. ఆయన గుర్తు అంతకంటే మామూలు చోట ఇంకొకటి ఉంది. మీ బంధువుల్లో ఎవరైనా ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం చదువుతుంటే బయోకెమిస్ట్రీ పుస్తకం తీసి చూపించమనండి. సీరం ఫాస్ఫరస్ పరీక్ష దగ్గర ఫిస్కే–సుబ్బారావు అని ఉంటుంది. మద్రాసులో ఆ పట్టా దక్కని మనిషి పేరు. కింద విధానం రాసి ఉంటుంది. ఆమ్లం, మాలిబ్డేట్, ఆ తరువాత నీలం తెప్పించే రసాయనం, చివర్లో రంగు చూసేముందు ఎన్ని నిమిషాలు ఆగాలో.